రేకుల కప్పునకు పంకా - గవాచి నేర్పు పాఠము

ఎండ అందరి ఇండ్లపై ఒకే విధముగా కాయును. కాని అన్ని ఇండ్లు ఒకే విధముగా వేడెక్కవు. ఈ సంగతి నల్లమాడ వంటి ఊళ్ళలో ఏప్రిల్, మే నెలలలో బాగుగా తెలియును. నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022 వరకు అనంతపురం జిల్లాలోనిది. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు మెట్ట సీమ ఇది. వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 సెంటీగ్రేడు డిగ్రీలు దాటుట ఇక్కడ వింత కాదు.

ఇటువంటి ఊరిలో పాతకాలపు మట్టి మిద్దె ఒకటి, దాని ప్రక్కనే క్రొత్తగా వేసిన రేకుల గది ఒకటి ఉన్నవనుకొందము. మధ్యాహ్నము రెండు గంటల వేళ మిద్దెలో మంచము వాల్చుకొని నిదురపోవచ్చును. రేకుల గదిలో నిలుచుటయే కష్టము. పసిపిల్లలు, ముసలివారు, బాలింతలు, రోగులు అట్టి గదిలో రోజంతయు గడపవలసి వచ్చినచో వడదెబ్బ ప్రాణము మీదికే వచ్చును. అందుచేత ఈ మధ్య చాలమంది కప్పునకు రంధ్రము చేసి, అందులో గాలిని బయటికి తోడు పంకా, అనగా ఎగ్జాస్టు ఫ్యాను, బిగించుకొనవలెనని తలచుచున్నారు. ఆలోచన మంచిదే. కాని పంకా బిగించినంత మాత్రమున గది చల్లబడదు. పంకా చేయగల పని ఏది, చేయలేని పని ఏది అను విషయము ముందుగా తెలిసికొన్నచో డబ్బు దండుగ కాదు.

వేడి వచ్చు దారులు

వేడి ఒకచోటి నుండి మరియొక చోటికి మూడు విధములుగా పోవును. పొయ్యిలో ఉంచిన ఇనుప గరిటె కాడ కొంతసేపటికి చేతికి కాలును. ఇది వహనము. కుండలోని నీరు అడుగున వేడెక్కి పైకి లేచును, చల్లని నీరు క్రిందికి దిగును. ఇది సంవహనము. నిప్పుల కుంపటి ఎదుట కూర్చున్నవాని ముఖమునకు, నడుమనున్న గాలి చల్లగా ఉన్నను, సెగ తగులును. ఇది వికిరణము.

రేకుల గదిలో ఈ మూడును జరుగును. నడినెత్తి ఎండలో ఒక చదరపు మీటరు కప్పుపై సుమారు 1,000 వాట్ల శక్తి పడును. ఇది ఒక చిన్న విద్యుత్ పొయ్యితో సమానము. త్రుప్పు పట్టిన రేకు అందులో మూడు వంతులకు పైగా పీల్చుకొని 60, 65 డిగ్రీల వరకు కాగును. రేకు పలుచనిది కనుక పైనున్న వేడి క్షణములో అడుగునకు చేరును. ఆ అడుగు భాగము రెండు పనులు చేయును. తనను తాకుచున్న గాలిని వేడిచేయుట మొదటిది. క్రిందనున్న మనుష్యుల మీదికి, మంచముల మీదికి, గోడల మీదికి సెగను చిమ్ముట రెండవది.

ఈ రెండవ పని సామాన్యమైనది కాదు. 65 డిగ్రీల రేకునకు, 35 డిగ్రీల మానవ చర్మమునకు మధ్య వికిరణము లెక్కగట్టినచో ఒక్కొక్క చదరపు మీటరునకు 200 వాట్ల వరకు తేలును. రేకుల ఇంటిలో నెత్తి మాడుచున్నదని చెప్పుట అతిశయోక్తి కాదు. పైన నిజముగానే ఒక కుంపటి బోర్లించి ఉన్నది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గమనింపవలెను. పంకా కదలింపగలిగినది గాలిని మాత్రమే. సెగను పంకా ఆపలేదు. వికిరణమునకు గాలితో పని లేదు. గాలి లేని శూన్యము గుండ పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరము దాటి సూర్యుని వేడి మనకు చేరుచున్నది గదా!

గవాచి యొక్క విద్య

రాయలసీమ మిద్దెలను చూచినవారికి గవాచి సంగతి తెలియును. గోడలపై దూలములు వేసి, వాటిపై దంతెలు పరచి, ఆపై ఆకో బోదయో కప్పి, అన్నిటిపైన మట్టి, చవుడు దట్టముగా వేసి మిద్దె కట్టుదురు. ఆ కప్పులో ఒకచోట మూరెడు వెడల్పు లేని రంధ్రము ఒకటి విడుతురు. అదియే గవాచి. దాని గుండ వెలుతురు దిగును, పొయ్యి పొగ పైకి పోవును. వాన వచ్చినపుడు బండతోనో రేకుతోనో దానిని మూయుదురు.

గవాచి గుండ పొగ ఏల పోవును? వేడెక్కిన గాలి వ్యాకోచించును. అందుచేత దాని సాంద్రత తగ్గి, చుట్టునున్న చల్లని గాలికంటె తేలికయై పైకి లేచును. పైన దారి ఉన్నచో బయటికి పోవును. అది పోయిన చోటును నింపుటకు తలుపు నుండి, కిటికీ నుండి వేరు గాలి లోనికి వచ్చును. పంకా లేదు, విద్యుత్తు లేదు. వేడియే యంత్రము.

ఈ యంత్రము బలమెంత? 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల ఎత్తు గల గదిని తీసికొందము. అందులో 30 ఘనపు మీటర్ల గాలి పట్టును. తలుపు క్రింది భాగమునకు, కప్పు రంధ్రమునకు నడుమ 2 మీటర్ల ఎత్తు, లోపలి గాలికి బయటి గాలికి 8 డిగ్రీల తేడా ఉన్నవనుకొందము. ఒక చదరపు అడుగు గవాచి, క్రింద అంతే వైశాల్యము గల మరియొక దారి ఉన్నచో గంటకు సుమారు 150 ఘనపు మీటర్ల గాలి బయటికి పోవును. అనగా గదిలోని గాలి గంటకు ఐదు సార్లు మారును. పొగ పోవుటకు, ఊపిరి ఆడుటకు ఇది చాలును. కాని కాగిన రేకు క్రింద చేరిన వేడిని తోడివేయుటకు చాలదు. తేడా తగ్గినకొలది గవాచి బలము కూడ తగ్గును. లోపల, బయట ఉష్ణోగ్రత ఒక్కటే అయినపుడు అది పనిచేయదు. పంకా అవసరము ఇక్కడనే వచ్చును.

పంకా చేయు పని

పంకా అనగా గవాచికి తగిలించిన బలము, అంతకుమించి వేరేమియు కాదు. 12 అంగుళాల పంకా, అడ్డేమియు లేనపుడు, గంటకు 1,000 నుండి 1,500 ఘనపు మీటర్ల గాలిని తోడగలదు. పైన చెప్పిన గదిలో గంటకు 1,500 ఘనపు మీటర్లు తోడినచో ఒకటింబావు నిమిషము లోపలనే గాలి ఒకసారి పూర్తిగా మారును.

ఇది ఎంత వేడిని తీసికొనిపోవును? ఒక ఘనపు మీటరు గాలిని ఒక డిగ్రీ వేడిచేయుటకు సుమారు 1,100 జౌళ్ళు కావలెను. మన గది కప్పు 12 చదరపు మీటర్లు. దానిపై 12,000 వాట్ల ఎండ పడును. అందులో మూడు వంతులు, అనగా 9,000 వాట్లు, త్రుప్పు రేకు పీల్చుకొనును. ఎక్కువ భాగము తిరిగి ఆకాశములోనికి, బయటి గాలిలోనికి పోయి, నాలుగవ వంతు మాత్రము గదిలోనికి దిగినదనుకొన్నను, అది 2,250 వాట్లు. లోపలి గాలి బయటి గాలికంటె 5 డిగ్రీలు మాత్రమే అధికముగా ఉండవలెనన్నచో గంటకు సుమారు 1,500 ఘనపు మీటర్ల గాలిని మార్చవలెను. అనగా పంకా తన పూర్తి శక్తితో ఆగక తిరుగవలెను.

ఇంత చేసినను ఫలితమేమి? బయట 41 డిగ్రీలుండగా లోపల 46. పంకా బయటి గాలిని లోనికి తెచ్చునే గాని, దానిని చల్లబరచదు. కప్పు పంకా ఎంత పెద్దదైనను గదిని బయటి గాలికంటె చల్లగా చేయలేదు. అమ్మువారు చెప్పినను చెప్పకున్నను ఇది ప్రకృతి ధర్మము.

దూలమునకు వ్రేలాడదీయు పంకా సంగతి వేరు. అది గాలిని మార్చదు. ఉన్న గాలినే కదలించి, చెమటను త్వరగా ఆర్చి, ఒంటికి హాయి కలిగించును. అయితే కాగిన రేకు క్రింద తిరుగు పంకా పైనున్న వేడిగాలిని మంచము మీదికి దింపును. చుట్టునున్న గాలి 40 డిగ్రీలు దాటినపుడు, చెమట చాలినంత పట్టని ముసలివారికి ఆ గాలి చల్లదనమునకు బదులు వేడినే చేర్చును.

మొదట సున్నము, పిదప పంకా

పైన వేసిన లెక్కలో మార్చవలసినది పంకా కాదు, రేకు. త్రుప్పు పట్టిన రేకు ఎండలో మూడు వంతులు పీల్చుకొనును. తెల్లని కప్పు ఒక వంతు మాత్రమే పీల్చుకొని మూడు వంతులు తిరిగి పంపును. అపుడు కప్పులో చేరునది 9,000 వాట్లు కాదు, 3,000 వాట్లు. గదిలోనికి దిగునది 750 వాట్లు. ఇదివరకటి ఫలితమే పొందుటకు గంటకు 500 ఘనపు మీటర్ల గాలి చాలును. అనగా పంకా పని మూడవ వంతునకు దిగినది.

సెగ కూడ అట్లే తగ్గును. రేకు 65 డిగ్రీలకు బదులు 45 డిగ్రీలున్నచో, మనిషిపై పడు వికిరణము చదరపు మీటరునకు 200 వాట్ల నుండి సుమారు 60 వాట్లకు దిగును. ఈ మేలు ఏ పంకా వలనను రాదు.

సిమెంటు రేకునకు, మిద్దెకు సున్నము కొట్టవచ్చును. కాని తగరపు రేకులని వాడుకలో పిలుచు, జింకు పూత గల ఇనుప రేకులకు సున్నము తగదు. సున్నము క్షార గుణము కలది. అది జింకు పూతను తినివేయును. అట్టి రేకులకు త్రుప్పు గీకి, ఎండను తిప్పికొట్టు తెల్లని రంగు వేయుట మేలు. ఎఱ్ఱమట్టి ధూళి పేరుకొన్నచో తెలుపు పనిచేయదు కనుక ఏటేట వేసవికి ముందు కడుగవలెను.

కప్పు క్రింద జానెడు ఎడముగా తడకనో ఈత చాపనో కట్టినచో మరికొంత మేలు కలుగును. రేకు చిమ్ము సెగ తడకపై పడునే గాని మనిషిపై పడదు. రేకునకు తడకకు నడుమ వేడెక్కిన గాలిని పంకా లాగివేయును.

గాలి లోనికి వచ్చు దారి

సీసా మూతికి నోరు పెట్టి పీల్చినచో కొంచెము గాలి వచ్చి ఆగిపోవును. అడుగున రంధ్రము లేనిదే గాలి సాగదు. తలుపులు, కిటికీలు మూసి కప్పు పంకా వేయుట ఇట్టిదే. పంకా గిఱ్ఱున తిరుగుచుండును, చప్పుడు కూడ చేయును, కాని గాలి పోదు.

లెక్క ఇట్లు ఉండును. గంటకు 1,500 ఘనపు మీటర్ల గాలి ఒక చదరపు అడుగు కిటికీ గుండ రావలెనన్నచో సెకనుకు నాలుగున్నర మీటర్ల వేగముతో రావలెను. అదే గాలికి నాలుగు చదరపు అడుగుల దారి ఇచ్చినచో వేగము నాలుగవ వంతు అగును. గాలి ఎదుర్కొను నిరోధము వేగము యొక్క వర్గమును బట్టి ఉండును గనుక అది పదునారవ వంతునకు దిగును. అందుచేత పంకా నోటికంటె మూడు నాలుగు రెట్లు వైశాల్యము గల దారి క్రింద ఉండవలెను.

ఆ దారి ఎక్కడ ఉండవలెనన్నది కూడ ముఖ్యమే. పంకా ప్రక్కనే కిటికీ తెరచినచో గాలి అటు వచ్చి ఇటు పోవును, మంచము వద్ద కదలిక ఉండదు. పంకా ఒక కొసన ఉన్నచో కిటికీ మరియొక కొసన, గోడ క్రింది భాగములో, నీడ పట్టున ఉండవలెను. వేపచెట్టు నీడలోని గాలికి, ఎండలో కాగిన బండల మీది గాలికి తేడా చాల కలదు.

ఏ వేళ నడుపవలెను?

మట్టి మిద్దెకు, రేకుల గదికి ఈ విషయములో పూర్తి వ్యత్యాసము ఉన్నది. మందమైన రాతిగోడలు, మట్టికప్పు వేడిని ఆలస్యముగా లోనికి పంపును. బయట 41 డిగ్రీలున్నను మిద్దెలో 33, 34 డిగ్రీలుండవచ్చును. అట్టి వేళ పంకా వేయుట అనగా చల్లని గాలిని బయటికి పంపి, వడగాలిని లోనికి పిలుచుట. పగలు మిద్దె తలుపులు మూసియుంచవలెను. రేకుల గదిలో పగలు లోపలనే వేడి ఎక్కువ. అందుచేత పంకా నడుపవలెను.

రాత్రివేళ రెండింటికిని పంకా మేలు చేయును. మెట్ట సీమలో గాలి పొడిగా ఉండుటవలన ప్రొద్దు గ్రుంకిన తరువాత నేల త్వరగా చల్లబడును. తెల్లవారుజామునకు బయట 26, 27 డిగ్రీలకు దిగవచ్చును. కాని గోడలు పగలంతయు దాచుకొన్న వేడిని రాత్రి విడుచుచుండును. అందుచేత లోపల 33, 34 డిగ్రీలుండును. ఆ వేళ పంకా వేసి, గోడలను చల్లని గాలితో కడిగినచో మరునాటి మధ్యాహ్నము వరకు ఆ చలువ నిలుచును. ఎప్పుడు వేయవలెనో తెలిసికొనుటకు గదిలో ఒకటి, బయట నీడలో ఒకటి రెండు ఉష్ణమాపకములు వ్రేలాడదీసినచో చాలును. బయటిది తక్కువగా ఉన్నపుడు పంకా వేయవలెను, ఎక్కువగా ఉన్నపుడు ఆపవలెను. ఇంతకుమించిన సూత్రము లేదు.

తడి తెర, నీటి లెక్క

పగటివేళ బయటి గాలినే చల్లబరచి లోనికి తీసికొనుటకు ఒక ఉపాయము కలదు. గాలి వచ్చు కిటికీకి తడి గోనె తెరయో వట్టివేళ్ళ తడికయో కట్టవచ్చును. నీరు ఆవిరి అగుటకు వేడి కావలెను. ఆ వేడిని గాలి నుండియే తీసికొనును. 41 డిగ్రీల గాలిలో ఆర్ద్రత 20 శాతము ఉన్నచో, మంచి తడిక గుండ వచ్చిన గాలి 30, 31 డిగ్రీలకు దిగగలదు. సముద్రతీరములో, గాలి ఇదివరకే తడిగా ఉండుటవలన, ఇంత ఫలితము ఉండదు.

కాని ఇది కరవు సీమ. గంటకు 1,500 ఘనపు మీటర్ల గాలిని ఇట్లు చల్లబరచుటకు 7 లీటర్లకు పైగా నీరు ఆవిరి కావలెను. ఎనిమిది గంటలకు సుమారు 57 లీటర్లు, అనగా నాలుగు బిందెల పైమాటే. కప్పు తెల్లగా ఉండి 500 ఘనపు మీటర్ల గాలి చాలినచో గంటకు రెండున్నర లీటర్లు సరిపోవును. కప్పుపై వేసిన తెల్లరంగు పంకా కరెంటును మాత్రమే కాదు, తలపై మోసి తెచ్చు నీటిని కూడ ఆదా చేయుచున్నది.

పట్టుపురుగుల గదిలో

హిందూపురం, ధర్మవరం, కదిరి ప్రాంతములలో మల్బరీ పెంచి పట్టుపురుగులను సాకు రైతులు ఎందరో కలరు. వారికి ఈ విషయము సుఖమునకు సంబంధించినది కాదు, పంటకు సంబంధించినది. చివరి దశలోని పురుగునకు 24, 25 డిగ్రీల ఉష్ణోగ్రత, 70 శాతమునకు అటూ ఇటూగా ఆర్ద్రత హితము. ఈ దశలోనే పురుగులు ఆకును మిక్కిలిగా మేయును. మేసిన ఆకు, పడిన పెంట, ఊపిరి, అన్నియు తేమను విడుచును. గాలి ఆడనిచో వేడి, తేమ కలసి రోగములను పెంచును. గాలి మితిమీరినచో ఆకు వాడి, పురుగు మేత మానును.

ఊజీ ఈగ రాకుండుటకు కిటికీలకు సన్నని వల కట్టుట ఇక్కడ తప్పనిసరి. వల గాలికి అడ్డు. అందులో దుమ్ము పట్టినచో అడ్డు ఇంకను ఎక్కువ. కనుక వల కట్టిన కిటికీలు మామూలు లెక్కకంటె పెద్దవిగా ఉండవలెను. పంకా నోటికి కూడ వల ఉండవలెను. పంకా ఆగినపుడు ఈగకు అదియే వాకిలి అగును.

చక్రముల మీది రేకుల గది

రేకుల గదినే చక్రములపై నిలిపినచో అది క్యారవాను. ఇంటిని వెంట లాగుకొనిపోవు ఈ బండ్లు అమెరికాలో 1930 ప్రాంతము నుండి వ్యాపించినవి. విమానముల వలె అల్యూమినియము రేకులను రివిట్లతో బిగించిన ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పరు 1936లో వెలువడినది. అట్టి పాత బండ్లను బాగుచేసుకొనువారు నేటికిని మొదట చేయు పనులలో కప్పు పంకా బిగించుట ఒకటి. అక్కడ 14 అంగుళాల చదరపు రంధ్రము వాడుకగా నిలిచినది. 12 వోల్టుల బ్యాటరీతో పంకా తిరుగును.

మనకు తెలిసిన చక్రముల గది రైలు పెట్టె. పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ 1955లో పని ప్రారంభించిన నాటి నుండి తయారైన మామూలు పెట్టెల కప్పుపై చిన్న చిన్న గాలి గొట్టములు బిగించెడివారు. బండి పరుగెత్తునపుడు కప్పుపై గాలి వేగముగా పోవుటవలన అక్కడ పీడనము తగ్గి, లోపలి వేడిగాలి బయటికి లాగబడును. బండి ఆగినచో ఆ లాగుడు ఆగును. నిలిచియున్న క్యారవానుకు పంకా అందుకే కావలెను.

పంకా బిగించు పని ఊరి గదికైనను, క్యారవానుకైనను ఒక్కటే. ఇందు చెడునది చాలవరకు పంకా కాదు, రంధ్రము అంచు. ఎండకు రేకు సాగును, రాత్రికి ముడుచుకొనును. 3 మీటర్ల ఇనుప రేకు 40 డిగ్రీల తేడాకు ఒకటిన్నర మిల్లీమీటర్లు, అల్యూమినియము రేకు దాదాపు 3 మిల్లీమీటర్లు సాగును. అంచున సిమెంటు మెత్తినచో ఆ కదలికకు పగిలి, తొలకరి వానకే కారును. కదలికతో పాటు సాగు రబ్బరు పట్టీని, మెత్తని జిగురు పట్టీని వాడవలెను. వంపు రేకులపై మేకులను, మరలను గాడిలో కాక గట్టుపైననే దిగగొట్టవలెను. నీరు పారునది గాడిలో గదా! పంకా చట్రము ఎగువ అంచు పై రేకు క్రిందికి దూరవలెను, దిగువ అంచు క్రింది రేకు పైన నిలువవలెను.

అల్యూమినియము కప్పునకు ఇత్తడి మరలు, మామూలు ఇనుప మరలు వాడరాదు. రెండు వేరు లోహములు తాకుచున్నచోట వాననీరు చేరినచో అది చిన్న విద్యుద్ఘటము వలె పనిచేసి అల్యూమినియమును తినివేయును. పాత క్యారవానులలో మరల చుట్టు తెల్లని పొడి, చిల్లులు కనబడుటకు కారణమిదియే.

కరెంటు తరచు పోవు చోట 12 వోల్టుల పంకా, సూర్యరశ్మి పలక మంచి జోడు. 30 వాట్ల పంకా రెండున్నర ఆంపియర్లు తీసికొనును. రాత్రి 8 గంటలు నడచినచో 20 ఆంపియర్-గంటలు ఖర్చగును. సీసపు బ్యాటరీని సగమునకంటె ఎక్కువ దించరాదు గనుక 40 ఆంపియర్-గంటల బ్యాటరీ కావలెను. 100 వాట్ల పలక మంచి ఎండలో దీనిని తిరిగి నింపగలదు. వేగమును సగమునకు తగ్గించినచో గాలి సగమగును, కాని పంకా కోరు శక్తి సుమారు ఎనిమిదవ వంతునకు దిగును. కనుక రాత్రి నిదానముగా నడుపుటయే లాభము. తీగ సన్నగా ఉండరాదు. 10 మీటర్ల దూరమునకు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడినచో అర వోల్టు మాత్రమే నష్టమగును. దానికంటె సగము సన్నని తీగలో ఒక వోల్టునకు పైగా పోవును. బ్యాటరీ దగ్గరనే ఫ్యూజు ఉండవలెను. ఫ్యూజు లేని తీగ ఒరసికొన్నచో నిప్పు పుట్టును.

రెండు హెచ్చరికలు

పాత సిమెంటు రేకులలో ఆస్బెస్టాసు నార ఉండును. వాటిని రంపముతో కోయుట, చిల్లు పొడుచుట చేయరాదు. లేచిన సన్నని నార ఊపిరితిత్తులలో చేరి, పెక్కు ఏండ్ల తరువాత క్యాన్సరునకు దారితీయును. అట్టి కప్పు గల ఇంటిలో పంకాను గోడ పైభాగములో, కప్పునకు దిగువన బిగించుట క్షేమము.

రెండవది పొయ్యి విషయము. కట్టెల పొయ్యియో బొగ్గుల కుంపటియో వెలుగుచుండగా తలుపులు మూసి పంకా వేసినచో, గదిలో పీడనము తగ్గి, పొగగొట్టము గుండ పైకి పోవలసిన పొగ వెనుకకు దిగును. అందులోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబినుతో ఆక్సిజనుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా పెనవేసికొని, నిద్రలోనే ప్రాణము తీయగలదు. పొయ్యి ఉన్న గదిలో పంకా వేయుటకు ముందు కిటికీ తెరచుట అలవాటు కావలెను.

పనుల వరుస

రేకుల గదిని బాగుచేయదలచిన వారు మొదట కప్పును తెలుపు చేయవలెను. రెండవది, కప్పు క్రింద తడక కట్టవలెను. మూడవది, నీడ వైపున గోడ క్రింద గాలికి దారి విడువవలెను. పంకా నాలుగవది. ఈ వరుసను తిరుగవేసి పంకాతో మొదలుపెట్టినవారు పెద్ద పంకా కొని, పెద్ద కరెంటు బిల్లు కట్టి, చివరకు 46 డిగ్రీల గదిలోనే చెమటలు క్రక్కుదురు.

మిద్దెలు కట్టిన పెద్దలు ఉష్ణమాపకము చూచియుండరు, వాట్ల లెక్క వేసియుండరు. అయినను కప్పును మందముగా వేసి, గవాచిని పైన ఉంచి, వాకిలిని క్రింద ఉంచి, ఏ వేళ ఏది మూయవలెనో ఇంటి ఆడవారికి అప్పగించినారు. రేకు వచ్చి ఆ కప్పును తీసివేసినది. పంకా గవాచి బలమును పెంచగలదు గాని, పోయిన కప్పునకు బదులు కాజాలదు. ఆ కప్పు చేసిన పనిని తెల్లరంగుతోను తడకతోను తిరిగి తెచ్చుకొన్న ఇంటిలోనే పంకా తన ధరకు తగిన పని చేయును.